ఉప్పు గీత

విభాకర్ గీత కిందికి జారుతోంది.

కుందేలు మెడ నరంలో వాడు అమర్చిన సెన్సర్, నెత్తురులో ఉప్పెంత ఉందో ఆగకుండా తెరమీద గీసి చూపిస్తుంది. నిన్నటి నుంచి ఆ గీత మెట్లెక్కినట్టు పైకి పోతుంటే, వాడి ముక్కు దానికన్నా పైకి పోయింది. సూది పొడిచి రక్తం తీసి పరీక్షించే తోటివాళ్లని చూసి, మీవి ఎడ్లబండి చదువులని వెక్కిరించాడు. రేపు సెమినార్‌లో చూపించాల్సింది ఆ గీతనే.

భోజనాల గదికి పరుగెత్తాడు. అక్కడ వాడి గైడు దమయంతి మేడం ఒక్కతే అన్నం తింటోంది.

"సెన్సర్ చెడిపోయింది మేడం."

అంతటితో ఊరుకున్నాడా? పొద్దున ఎవరో బుద్ధిలేనివాళ్లు జంతువుల గదిలో దూరి బోను కదిలించారని, వాళ్ల చేతులు విరగ్గొట్టాలని కూడా అన్నాడు.

ఆ దూరింది తనేనని మేడం చెప్పలేదు. కూర్చోమంది. డబ్బాలోంచి ఊరమిరపకాయలు తీసి వాడి ముందు పోసి, తినమంది. ఆవిడ వడ్డిస్తే కాదనే దమ్ము ఆ డిపార్ట్‌మెంట్‌లో ఎవరికుంది? ఒట్టి ఉప్పుగల్లు. నమిలేకొద్దీ నాలుక పిడచగట్టింది. నీళ్లగ్లాసు కోసం చెయ్యి చాపాడు.

మేడం గ్లాసు తనవైపు లాక్కుంది.

వేళాకోళం అనుకున్నాడు. ఆవిడ మొహంలో వేళాకోళం లేదు. ఎడమచేత్తో ఓ కాగితం తీసి దానిమీద చుక్క పెట్టింది. వాడి మొహంలోకి చూస్తూ కాసేపాగి, దానికి కాస్త పైన ఇంకో చుక్క. ఆ పైన ఇంకోటి.

"గొంతు మండిపోతోంది. నీళ్లు, మేడం."

"ఉండు నాయనా. గీత బ్రహ్మాండంగా వస్తోంది."

వాడు అలాగే లేచి జంతువుల గదికి వెళ్లాడు.

బోను పక్కన నిన్నటి నీళ్లసీసా తీసిపెట్టి ఉంది. నిండా ఉంది. నిన్న సాయంత్రం దాన్ని చూసి, ఇంకా నిండుగానే ఉంది, మళ్లీ పోసే పని తప్పిందని సంబరపడింది వాడే. ఇప్పుడు దాని గొట్టం మూతిని వేలితో నొక్కాడు. పాచి పట్టి పూడుకుపోయింది. ఒక్క చుక్క రాలేదు. నోరులేనిది, చెప్పుకోడానికి దానికేం సెమినార్ లేదు.

పొద్దున మేడం బోనుకి తగిలించిన కొత్త సీసా సగానికి దిగింది. కుందేలు ఇంకా తాగుతూనే ఉంది.

తెరమీద గీత ఎక్కడిదాకా దిగిందో వాడు చూడలేదు. పొడి నాలుకతో, బోను ముందు నేలమీద కూర్చున్నాడు.