గోరింక మూయించిన గొంతు

అనగనగా కొండల నడుమ ఒక అడవి. ఒక ఎండాకాలం ఆ అడవి సగానికి సగం కాలిపోయింది. గూళ్ళు పోయాయి, గుహలు పోయాయి. ఎవరి మొహంలోనూ కళ లేదు.

అప్పుడు పసిడి అనే గోరింక ఒక మోడు మీద వాలి పాట అందుకుంది. ఏడుపు ఆపుకోలేక పాడింది. కింద కూర్చున్న ఎలుగుబంటి నల్లక్క తానూ గొంతు కలిపింది. నల్లక్కది బొంగురు గొంతు, పైగా శ్రుతిలో నిలవదు. ఆ రోజు ఎవరికి పట్టింది అదంతా! పాట విని కప్ప మామ వచ్చాడు. కుందేళ్ళు వచ్చాయి, ఉడుతలు వచ్చాయి.

"ఇక్కడ ఎవరైనా పాడొచ్చు. రండి, రండి," అంది పసిడి.

అడవి పాటల బృందం అలా పుట్టింది. పసిడి రెక్క ఎత్తితే పాట మొదలు, దించితే ఆఖరు. ఏళ్ళు గడిచాయి. అడవి మళ్ళీ పచ్చబడింది. బృందానికి పేరొచ్చింది. పేరు వచ్చాక పసిడికి చెవులు మారిపోయాయి. అంతమంది పాడుతున్నా ఆమెకు నల్లక్క గొంతు ఒక్కటే వినపడేది.

ఒకరోజు పసిడి అంది, "అక్కా, నువ్వు పొడుగు కదా. వెనక వరసలో నిలబడకూడదూ?"

"అలాగే చెల్లీ," అని నల్లక్క వెనక్కి వెళ్ళింది.

కొన్నాళ్ళకు మళ్ళీ అంది, "అక్కా, కాస్త మెల్లగా పాడవా?"

"అలాగే చెల్లీ," అని నల్లక్క గొంతు తగ్గించింది.

ఆ ఏడు ఇప్పపూల జాతరలో పాడమని ఏనుగుల దగ్గర్నుంచి కబురొచ్చింది. పసిడికి కాలు నిలవలేదు. నల్లక్కను పక్కకు పిలిచి, ఆమె కళ్ళలోకి చూడకుండా అంది:

"అక్కా, ఏమీ అనుకోకు. జాతరలో నువ్వు నోరు కదుపు, చాలు. గొంతు బయటికి రానివ్వకు."

"అలాగే చెల్లీ," అంది నల్లక్క.

జాతరలో పాట పాలమీగడలా సాగింది. వెనక వరసలో నల్లక్క అందరితో పాటు నోరు తెరిచింది, అందరితో పాటు మూసింది. పాట అయ్యాక ఏనుగుల పెద్ద తొండమెత్తి, "ఇంత చక్కని పాట నేను విననేలేదు! వచ్చే ఏడూ మీరే రావాలి," అన్నాడు.

మర్నాడు పసిడి సంబరం పట్టలేక నల్లక్క గుహకు ఎగిరింది. ముక్కున ఒక ఇప్పపువ్వు కూడా పట్టుకుంది. 'నోరు కదిపినందుకు అక్కకు ఓ మంచి మాట చెబుతాను,' అనుకుంది.

గుహ లోపల నల్లక్క బిడ్డ బొద్దు జ్వరంతో మూలుగుతున్నాడు. నల్లక్క వాణ్ణి ఒళ్ళో వేసుకుని ఊపుతోంది. ఆమె నోరు తెరుచుకుంటోంది, మూసుకుంటోంది.

"అమ్మా, పాట పాడవూ?" అన్నాడు బొద్దు.

"పాడుతున్నాగా నాన్నా."

"నాకేం వినపడటం లేదమ్మా!"

నల్లక్క మళ్ళీ నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు.

పసిడి ముక్కులోంచి పువ్వు జారిపోయింది. లోపలికి వెళ్ళలేదు. తనను ఎవరైనా చూస్తారేమోనని పొద చాటున నక్కింది. ఆ తర్వాత చప్పుడు కాకుండా పారిపోయింది. అవును పిల్లలూ, పారిపోయింది. ఆ మాట తలుచుకుని కూడా తర్వాత ఎంతగానో సిగ్గుపడింది.

సాయంత్రం అందరూ సాధనకు వచ్చారు. నల్లక్క కూడా వచ్చి వెనక వరసలో నిలబడింది. పసిడికి రెక్క లేవలేదు.

"నేనొక తప్పు చేశాను," అంది తల వంచుకుని. "నల్లక్క గొంతు నేనే మూయించాను. మెప్పు కోసం మూయించాను."

కప్ప మామ గొణిగాడు, "నాకు తెలుసు. పక్కనే నిలబడేవాణ్ణి కదా. ఆమె గొంతు ఆగిపోతే, హమ్మయ్య అనుకున్నాను." కుందేళ్ళు చెవులు వాల్చేశాయి.

పసిడి నల్లక్క ముందు వాలింది. "అక్కా, నన్ను తిట్టు. తిట్టి మళ్ళీ పాడు. ఎంత గట్టిగా వస్తే అంత గట్టిగా పాడు."

నల్లక్క నోరు తెరిచింది. శబ్దం రాక మూసేసింది.

"రావడం లేదు చెల్లీ. నీ మీద కోపమా అంటే, లేదు. పాట తెలిసినదానివి నువ్వు. నువ్వే వద్దన్నావంటే, నాది అసలు పాటే కాదనుకున్నాను."

తిట్టి ఉంటే పసిడి భరించేది. ఈ మాట భరించలేకపోయింది.

ఆ రోజు నుంచి నల్లక్కకు మొదటి వరసలో చోటిచ్చింది. వచ్చే ఏటి జాతరకు రామని ఏనుగులకు కబురు చేసింది. శ్రుతి కుదిరినవాళ్ళూ కుదరనివాళ్ళూ అందరూ గొంతెత్తి పాడారు. నల్లక్క మాత్రం పసిడి రెక్క ఎత్తగానే, అలవాటు కొద్దీ, పెదవులు కదిపేది. శబ్దం వచ్చేది కాదు. ప్రతిసారీ పసిడి కళ్ళు దించుకునేది.

వానాకాలం వచ్చింది. ఒక మధ్యాహ్నం పసిడి నల్లక్క గుహ మీదుగా ఎగురుతుంటే లోపల్నుంచి పాట వినిపించింది. బొద్దు పాడుతున్నాడు. వాడిదీ బొంగురు గొంతే, వాడికీ శ్రుతి లేదు. వాడి గొంతు వెంట మరో గొంతు కలిసింది. తడబడుతూ, ఆగుతూ, మళ్ళీ అందుకుంటూ నల్లక్క పాడుతోంది.

పసిడి ఒక కొమ్మ మీద వాలింది. 'అక్కా!' అని పిలవాలనుకుంది. తనను చూస్తే ఆ గొంతు మళ్ళీ ఆగిపోతుందేమోనని భయపడింది. వానలో తడుస్తూ తల వంచుకుని పాట అంతా విన్నది. పాట అయిపోయాక, తాను వచ్చినట్టు తెలియనివ్వకుండా వెళ్ళిపోయింది.

నీతి: మెప్పు కోసం ఒకరి గొంతు నొక్కడానికి ఒక్క మాట చాలు. తప్పు ఒప్పుకున్నంత మాత్రాన ఆ గొంతు మన ముందు మళ్ళీ పలకదు.