కారప్పూల ముద్ద

పైడిరాజుకి ఆ ఒక్క పచ్చడే కుదిరేది కాదు.

కొండమీద మా ఆశ్రమంలో వంటంతా అతనిదే. అతను పనసపొట్టు కూర వండిన రోజున కింద ఊళ్ళోంచి జనం ఏదో వంక పెట్టుకుని భోజనం వేళకి ఎక్కి వచ్చేవాళ్ళు. ఆ సంగతి అతనికీ బాగా తెలుసు. గరిట పట్టుకుని గుమ్మంలో నిలబడితే పెళ్ళిపెద్దలా ఉండేవాడు. మేం ఎంత ఏడిపించినా లెక్కచేసేవాడు కాదు. అలాంటివాడు కారప్పూల పచ్చడి దగ్గరికి వచ్చేసరికి డీలాపడిపోయేవాడు.

కారప్పూలంటే నాస్టర్షియం పూలు. పైడిరాజు వాళ్ళమ్మ కాఫీతోటల దొర బంగళాలో పని చేసేది. బంగళా వెనక గోడ పొడుగునా ఆ తీగ పాకి, నారింజరంగు పూలు విరగబూసేవట. దొరసాని చెప్పే పేరు నోరు తిరగక వాళ్ళమ్మ వాటిని కారప్పూలనేది. నిజంగానే ఆ పూలకి మిరియాల ఘాటు ఉంటుంది. వాటితో అమ్మ పచ్చడి చేసి, అన్నంలో కలిపి పెట్టేదని పైడిరాజు చెప్పేవాడు. అతనికి ఊహ తెలిసీ తెలియని వయసులోనే ఆవిడ జ్వరంతో పోయింది.

విత్తనాలు స్వామే ఇచ్చారు. ఆయన పేరు విమలానంద. ఎనభై దాటిన మనిషి, మాట పొదుపు. నీలగిరుల నుంచి వచ్చిన భక్తులెవరో పొట్లం తెస్తే తీసుకెళ్ళి పైడిరాజు చేతిలో పెట్టారు. ఇతను ప్రేమకొద్దీ గంపలకి గంపలు పశువుల ఎరువు పోశాడు. తామరాకుల్లా గుండ్రటి ఆకులు ఏపుగా వచ్చాయి, పువ్వు మాత్రం లేదు. స్వామి నవ్వి, మళ్ళీ రాళ్ళకట్ట పక్కన ఎరువు లేని వట్టి నేలలో వెయ్యమన్నారు. అక్కడ పూసింది. పొద్దున మంచు విడిచేసరికి కట్టంతా పసుపూ ఎరుపూ నారింజా. ఇప్పుడు ఆ చోట భోజనశాల కట్టారు. బాగానే ఉంది, ఫ్యాన్లు కూడా పెట్టారు. నాకు మాత్రం అటు వెళ్ళినప్పుడల్లా ఆ కట్టే గుర్తొచ్చి, భోజనం సహించదు.

పూలు వచ్చాకే అసలు అవస్థ మొదలైంది. పచ్చిమిరపకాయలూ చింతపండూ వేసి నూరాడు. నూనెలో మగ్గబెట్టాడు. నువ్వులపొడి కలిపాడు. పెరుగులో వేసి ఇంగువ తాలింపు పెట్టాడు. మేం వేళ్ళు నాక్కుంటూ తినేవాళ్ళం. అతను ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని, ఇది కాదని విస్తరి పక్కకి నెట్టేవాడు. విత్తనం వేరేదన్నాడు. ఇక్కడి నీళ్ళు వేరన్నాడు. చివరికి ఒకరోజు, ఇక వంటే చెయ్యనని గరిట తెచ్చి స్వామి ముందు పెట్టేశాడు.

మేం అక్కడే కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నాం. ఇందరి ముందు ఎలా అన్న మొహమాటం కూడా లేకపోయింది అతనికి.

"మాయమ్మ మొకం నాకు గుర్తులేదు సామీ. పొటో లేదు. ఈ రుచొక్కటే మిగిలింది. అదీ నేనే అల్లుకున్నానేటోనని బయమేస్తంది."

ఆ గొంతు విని నాకు దిగులేసింది.

స్వామి ఒక్కటే అడిగారు. "ఆవిడ అన్నం పెట్టేటప్పుడు నువ్వెక్కడ కూర్చునేవాడివి?"

బంగళా వెనక మెట్లమీద అన్నాడు పైడిరాజు. దొరల వంటింట్లో వాళ్ళని తిననిచ్చేవారు కాదట. ఇంటి నుంచి మూటగట్టుకొచ్చిన చద్దన్నాన్ని తల్లీకొడుకులు ఆ మెట్లమీదే తినేవాళ్ళట.

స్వామి తలూపి లేచారు. ఆ రాత్రి కాస్త అన్నం మిగల్చమని మాత్రం చెప్పి వెళ్ళిపోయారు.

మర్నాడు పొద్దున్నే ఆయనే వంటింట్లోకి వచ్చి, చద్దన్నం గిన్నె తీసుకుని ఇంత మజ్జిగ పోసి, ఉప్పు వేశారు. పైడిరాజు తాలింపుకి మూకుడు పెట్టబోతే వద్దన్నారు. పోనీ రోలు కడుగుతానంటే అదీ వద్దన్నారు. గిన్నె పట్టుకుని మెల్లగా రాళ్ళకట్ట దాకా నడిచి, తీగ పక్కన నేలమీద కూర్చున్నారు. అతన్నీ కూర్చోమన్నారు. నేను పూజకి మందారాలు కోస్తూ పక్కనే ఉన్నాను.

స్వామి అన్నం పిసికారు. పిసుకుతూనే ఎడమచెయ్యి చాపి, తీగమీంచి రెండు పూలూ ఓ లేతాకూ తుంచి, చిదిమి అన్నంలో వేశారు. ముద్ద చేశారు. ఆయన ఎవరికైనా చేత్తో అన్నం పెట్టగా నేనెప్పుడూ చూడలేదు.

పైడిరాజు అరచెయ్యి పట్టాడు. ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. తర్వాత నేనూ తిని చూశాను కాబట్టి చెబుతున్నాను. పువ్వు కింది సన్నటి తోకలో తేనె ఉంటుంది, ముందు అది కాస్త తియ్యగా తగులుతుంది. ఆ వెనకే ఘాటు ముక్కుకెక్కుతుంది.

అతను నమలడం ఆపేశాడు.

"మాయమ్మ పచ్చడి సెయ్యలేదు సామీ. నంజుకోడానికేటీ లేక..."

అంత మనిషీ మోకాళ్ళు దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. కన్నీళ్ళు గడ్డంమీదికి కారుతున్నా తుడుచుకోలేదు.

స్వామి అతని మొహంకేసి చూడలేదు. మళ్ళీ చెయ్యి చాపి ఇంకో పువ్వు తుంచారు.

"ఇంకొక్క ముద్ద," అన్నారు. "చెయ్యి పట్టు."