చివరి బోల్టు

యేసుపాదం బాధ ఒక్కటే. తొమ్మిదేళ్లుగా కాలేషా ఉస్తాదు దగ్గర పని చేస్తున్నా, ఇంజను మూసేటప్పుడు చివరి బోల్టు ఇంతవరకూ తన చేతికి రాలేదు. గుంటూరు ఆటోనగర్‌లో ఆ షెడ్డు రివాజు అది. ఎవరు బిగించినా చివరి బోల్టు ఉస్తాదుదే. అత్తగారి బొడ్లో తాళాల గుత్తిలా అది ఆయన్ని వదిలేది కాదు.

"నామీద నమ్మకం లేదా ఉస్తాద్?" అని ఒకసారి అడిగేశాడు కూడా. ఆయన నవ్వి, పానా అందుకున్నాడు.

ఆ రోజు సుభాషిణిగారి కారు వచ్చింది. పొద్దున్నే స్టార్ట్ చేస్తే ఇంజను గలగలమంటోంది. లోపల టైమింగ్ చైన్ వదులు కాకుండా నొక్కిపట్టే టెన్షనర్లు రెండూ అరిగిపోయాయి. యేసుపాదం కొత్తవి వేశాడు. కొత్త టెన్షనర్‌కి సన్నటి ఇనప పిన్ను గుచ్చి ఉంటుంది. బిగించాక దాన్ని లాగేస్తేనే అది పని మొదలుపెడుతుంది. రెండు పిన్నులూ లాగి, ఇంజను ముందువైపు మూత పెట్టాడు. చివరి బోల్టు ఉస్తాదు బిగించాడు. స్టార్ట్ చేస్తే చప్పుడే లేదు.

"రేపు అమ్మని తీసుకుని శ్రీశైలం వెళ్తున్నాం. ఘాటు రోడ్డుకి భయం లేదుగా?" అని అడిగింది సుభాషిణి.

"నిశ్చింతగా వెళ్లిరండమ్మా" అన్నాడు ఉస్తాదు.

యేసుపాదం సామాన్లు తుడుస్తూ ఆగిపోయాడు. ట్రేలో పిన్ను ఒక్కటే ఉంది. జేబులు వెతికాడు, నేలంతా తడిమాడు. రెండోది లేదు.

నోరు విప్పితే తన పరువు పోతుంది. అది పోతే పోయింది, ఇంత ఊళ్లో ఉస్తాదు బిగించిన బోల్టుని మళ్లీ విప్పిన మనిషి లేడు. పైగా ఆవిడ అప్పటికే తాళంచెవి అందుకుంది.

"అమ్మా, కారు తీయొద్దు" అన్నాడు. "ఉస్తాద్, ఒక పిన్ను కనబడటంలా. లోపల పడిందేమో. చైన్లో ఇరుక్కుంటే ఇంజను పోద్ది."

ఉస్తాదు ఆవిడ వైపు తిరిగి చేతులు జోడించాడు.

"తప్పు నాదేనమ్మా. చూసుకోకుండా మూసింది నేను. సాయంత్రానికి ఇస్తాం."

యేసుపాదానికి కళ్లలో నీళ్లు తిరిగాయి. వంగి పని మొదలుపెట్టాడు. ఇద్దరూ కలిసి ఆయిలు దించారు, మూత విప్పారు, అడుగున ఆయిలు నిలిచే సంపు కూడా విప్పారు. పిన్ను అక్కడే, ఆయిలు మడ్డిలో ఓ మూలన పడుంది.

ఉస్తాదు దాన్ని బనీను అంచుతో తుడిచి ట్రేలో మొదటి పిన్ను పక్కన పెట్టాడు. తిట్టలేదు. తిడితే బాగుండునని యేసుపాదానికి అనిపించింది.

అన్నీ మళ్లీ బిగించేసరికి పొద్దు వాలింది. ఒక్క బోల్టు మిగిలింది. యేసుపాదం తల దించుకుని, అలవాటు ప్రకారం పానా చాచాడు.

ఉస్తాదు అందుకోలేదు. చెప్పుల్లో కాళ్లు పెట్టుకుంటున్నాడు.

"ఎక్కడికి ఉస్తాద్?"

"టీ తెస్తా. పొద్దుట్నుంచీ ఏం తాగలా నువ్వు."

"మరి ఈ బోల్టు?"

ఆయన వెనక్కి తిరక్కుండానే అన్నాడు.

"బిగించటం నీకు ఎప్పుడో వచ్చిందిరా పాదం. విప్పటం ఇవాళ వచ్చింది."