అచ్చియ్యమ్మ అద్దెకిచ్చిన ఇల్లు

అనగనగనగా, కాలవ గట్టు మీద ఒక ఊరుండేదే అమ్మడూ. ఆ ఊళ్ళో బస్సులు ఆగే చోట అచ్చియ్యమ్మ అని ఒకావిడ ఇడ్లీలు అమ్మేది. మొగుడు గవర్రాజు పిండి రుబ్బేవాడు, ఈవిడ పొయ్యి ఊదేది. కాళ్ళాడించకు, దుప్పటి కప్పుకుని విను.

పొగకి ఆవిడ కళ్ళు ఎప్పుడూ ఎర్రగా నీరు కారుతుండేవి. అప్పుడు ఒకనాడు మొగుడితో అంది, "ఏవయ్యా, ఒక ఇల్లు కట్టి అద్దెకిద్దాం. మనం పడుకున్నా ఇల్లు కష్టపడి మనకింత కూడు పెడుతుంది."

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. వింటేగా! ఈవిడ గాజులమ్మింది, ఆయన తన వాటా చేను అమ్మాడు. డాబా ఇల్లు లేచింది. వాళ్ళు మాత్రం వెనక రేకుల గదిలో సర్దుకుని, ముందు 'ఇల్లు అద్దెకివ్వబడును' అని పలక కట్టారు.

మొదట ఒక గుమాస్తా వచ్చాడు. వంటిల్లు ఈశాన్యంలో ఉందని గుమ్మంలోంచే తిరిగిపోయాడు. ఆ తర్వాత కొత్తగా పెళ్ళైన జంట దిగారు. పాలు పొంగించిన నెలలోనే పోట్లాడుకుని ఎవరింటికి వాళ్ళు పోయారు. ఆ తర్వాత డ్రిల్లు మేష్టారు భీమలింగం వచ్చాడు, పెళ్ళాంతోనూ ముసలి తల్లి సూరమ్మతోనూ.

సూరమ్మ బంగారంలాంటి మనిషి. అచ్చియ్యమ్మకి తల దువ్వి జడేసేది, వేడి ఇడ్లీ పాలల్లో నానబెట్టుకుని తినేది. "అత్తా" అంటే "ఏమే అచ్చీ" అనేది. తల్లి లేని అచ్చియ్యమ్మకి అదో సంబరం.

అప్పుడు సూరమ్మ మంచాన పడింది. ఇక లాభం లేదన్నాడు డాక్టరు. పక్కింటి వీరాయమ్మకి నోరూరుకోదు కదా, గోడ మీంచి అంది, "చెడ్డ నక్షత్రంలో పోయిందంటే ఇంటికి నెలల తరబడి తాళం వెయ్యాలి. ఆనక ఆ ఇంట్లోకి ఎవరొస్తారే?"

ఆ మాట అచ్చియ్యమ్మ గుండెలో ముల్లులా దిగింది. ఇల్లు ఖాళీగా పడుంటే మళ్ళీ పొయ్యి, మళ్ళీ పొగ. తెల్లారి మేష్టారి దగ్గరికెళ్ళి, "బాబూ, ఊపిరుండగానే ఎక్కడికైనా తీసుకెళ్ళండి" అంది.

"ఎక్కడికి తీసుకెళ్ళమంటారండీ?" అన్నాడు పాపం.

"మా బతుకంతా ఈ ఇంట్లోనే పోశాం బాబూ" అంది.

అప్పుడు తల్లిని ఆటోలో పడుకోబెట్టారు. సెలవులు కదా, మేష్టారి బడివాళ్ళు అరుగు మీద చోటిస్తామన్నారు. సూరమ్మకి ఇదేమీ తెలీదు. ఆసుపత్రికనుకుంది. నవ్వుతూ, "వెళ్ళొస్తానే అచ్చీ" అంది.

మనం 'వెళ్తాను' అనం కదా అమ్మడూ, 'వెళ్ళొస్తాను' అంటాం. అలా అన్నవాళ్ళకి 'వెళ్ళిరా' అనాలి. కానీ ఆ మాటంటే నిజంగానే తిరిగొస్తుందేమోనని అచ్చియ్యమ్మకి భయం! నోరు బిగించుకు నిలబడింది. ముసలావిడ ఆ మాట కోసం మొహంలోకి చూస్తూనే ఉంది. ఆటో కదిలిపోయింది.

మర్నాడు పొద్దున్నే సూరమ్మ పోయింది. పంతులుగారు పంచాంగం చూసి, "దివ్యమైన నక్షత్రం, ఏ దోషమూ లేదు" అన్నారు. ఇంట్లో పోయినా ఒక్క పూటైనా తాళం వెయ్యక్కర్లేకపోయేది.

అచ్చియ్యమ్మ చెప్పుల్లేకుండా బడికి పరిగెత్తింది. అప్పటికే పాడె లేపుతున్నారు. "అత్తా, వెళ్ళి..." అనబోయింది. వీరాయమ్మే గబుక్కున అచ్చియ్యమ్మ నోరు మూసింది. పోయినవాళ్ళని 'వెళ్ళిరా' అనకూడదే పిచ్చిదానా, అంది. నిజమే, అనకూడదు. ఆ ఒక్క మాటా ఇక ఈ జన్మలో అప్పజెప్పడానికి వీల్లేదు.

ఆ తర్వాత ఇంటికి బాడుగవాళ్ళు బాగానే వచ్చారు. ఇల్లు కష్టపడింది, పొయ్యి ఆరింది. పొగ లేదు. అయినా అచ్చియ్యమ్మ కళ్ళల్లో నీళ్ళు మాత్రం ఆగలేదు.

నువ్వు కళ్ళు తుడుచుకుని ఇటు తిరుగు, నా తల్లే.

కథ పోయె కంచికి,
కునుకు వచ్చె కంటికి.