గోరింక ఎత్తు

మణిగిరి రాజు భూపాలవర్మకు అప్పుడప్పుడూ ఏదో ఒక పిచ్చి పట్టకపోతే తిండి సయించదు. మొన్నటిదాకా చిలకల పిచ్చి. అంతకుముందు గొడుగుల పిచ్చి. ఈసారి గుర్రాల మీద పడ్డాడు.

కారణం లేకపోలేదు. పొరుగు రాజు దూత ఒకడు బ్రహ్మాండమైన గుర్రమెక్కి వచ్చాడు. మన రాజుగారు తన గుర్రం మీద కూర్చుని కూడా అతనితో తల పైకెత్తి మాట్లాడాల్సి వచ్చింది. అసలే రాజుగారు కాస్త పొట్టి. ఆ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ అనరు.

మర్నాడే ఆజ్ఞ వెలువడింది.

"నా శాలలో పొట్టి గుర్రం కనపడకూడదు. ఇరవై బెత్తెలకు తగ్గినవాటిని ఉప్పు బస్తాలు మోయడానికి తోలెయ్యండి!"

బెత్తె అంటే నాలుగు వేళ్ళు పక్కపక్కన ఆనిస్తే వచ్చే వెడల్పు. ఎవరి వేళ్ళు అన్నది మాత్రం రాజుగారు చెప్పలేదు. తంటా అంతా అక్కడే వచ్చింది.

"ఎవరివేమిటి? నావే!" అన్నాడు అశ్వశాల అధికారి గజసింహుడు. కొలువులో అందరికన్నా లావు, అందరికన్నా పొడుగు. ఉన్న పొడుగు చాలదన్నట్టు నెత్తిన మూరెడు తలపాగా. అతని వేళ్ళు అరటికాయల్లా ఉంటాయి. ఆ వేళ్ళు ఆనించి ఒక కర్ర మీద గీతలు గీశాడు. గీతలు అంత ఎడంగా పడితే ఏ గుర్రమైనా పొట్టిదే అవుతుంది.

తన గుర్రానికి మాత్రం వేరే మర్యాద. దాని ముక్కు పైన గడ్డికట్ట ఆడించి, అది మెడ సాచగానే చెవుల కొసదాకా కొలిచాడు.

"ఇరవై రెండు!"

తర్వాత గోరింక వంతు. గోరింక ఆస్థాన విదూషకుడు కొండుభొట్లు ఎక్కే ఆడగుర్రం. పోయినేడు వరదలో ఏరు దాటుతూ అతను జారిపడితే, జుట్టు పళ్ళతో పట్టి ఒడ్డుకు ఈడ్చింది. అప్పటినుంచి కొండుభొట్లుకు అదంటే ప్రాణం. అది మేస్తే గాని తను అన్నం ముట్టడు.

గోరింకను మెడ వీపుతో కలిసే మూపు దగ్గర కొలిచాడు గజసింహుడు.

"పదిహేడు. ఉప్పుకి తోలండి!"

"అయ్యా, తమ గుర్రానికి చెవులదాకా, నా గుర్రానికి మూపుదాకానా?" అన్నాడు కొండుభొట్లు.

"శాల నాది, కర్ర నాది. నోరు మూసుకో."

కొండుభొట్లు గోరింక మెడ నిమిరి, తిన్నగా కొలువుకు నడిచాడు. వెనకే గజసింహుడు కర్ర ఊపుకుంటూ వచ్చాడు.

"ప్రభూ, గుర్రం ఎత్తుగా ఉండి, ఎక్కినవాడు పొట్టిగా ఉంటే ఏం శోభ? రౌతుల్నీ కొలిపించండి. తగ్గినవాణ్ణి ఉప్పు మోయడానికి పంపండి" అన్నాడు కొండుభొట్లు.

గజసింహుడు ఎగిరి గంతేశాడు. కొండుభొట్లు అతని నడుము దాకా కూడా రాడు మరి.

"భేషైన మాట ప్రభూ! ముందు వీణ్ణే పంపించెయ్యొచ్చు!"

"గుర్రానికొక కొలత, మనిషికొక కొలత ఉండకూడదు. అదే కర్ర, అదే పద్ధతి. ఒప్పుకుంటారా?" అన్నాడు కొండుభొట్లు.

"ఒప్పుకున్నా! నాతోనే మొదలెట్టండి!" అంటూ గజసింహుడు తలపాగా సర్దుకుని, ఛాతీ పొంగించి నిటారుగా నిలబడ్డాడు.

కొండుభొట్లు కర్ర తీసుకుని అతని చుట్టూ ఒకసారి తిరిగాడు.

"అలా నిలబడితే ఎలాగండీ? గుర్రాన్ని కొలిచేటప్పుడు నాలుగు కాళ్ళూ నేల మీద ఉంటాయి కదా."

కొలువంతా కిసుక్కుమంది. గజసింహుడు రాజుగారి వైపు చూశాడు.

"ఒప్పుకున్నావుగా, వంగవయ్యా" అన్నారు రాజుగారు, మీసాల చాటున నవ్వు దాచుకుంటూ.

చేసేదేముంది? చేతులూ మోకాళ్ళూ నేలకానించాడు. తలపాగా ఊడి మంత్రిగారి కాళ్ళదాకా దొర్లింది.

"మీకు అన్యాయం చెయ్యను. మీ గుర్రానికిచ్చిన మర్యాదే మీకూ ఇస్తాను" అని కొండుభొట్లు లడ్డూ ఒకటి తెప్పించి అతని ముక్కు పైన ఆడించాడు. పాపం, మెడ నిక్కించక తప్పలేదు. చెవుల కొసదాకా కొలిస్తే పదకొండు తేలింది.

"బరువు కూడా చూడాలి ప్రభూ. ఉప్పువాళ్ళు అడుగుతారు."

గుర్రాన్ని త్రాసులో నిలబెట్టలేరు. ముందుకాళ్ళ వెనక పొట్ట చుట్టూ తాడు వేసి, ఆ చుట్టుకొలతను బట్టి బరువు అంచనా కడతారు. కొండుభొట్లు అలాగే శాలలోని తాడు తెచ్చి చుట్టాడు. రెండు కొసలూ కలవలేదు.

"బరువులో గుర్రమే ప్రభూ. ఎత్తులోనే మేకపిల్ల!"

కొలువు ఘొల్లుమంది. గజసింహుడి మొహం జేవురించింది.

"ప్రభూ, ఇదేం కొలత! అంతా తప్పు!"

కొండుభొట్లు చటుక్కున అందుకున్నాడు.

"కొలత ఒప్పయితే మీరూ గోరింకా కలిసి ఉప్పు మొయ్యండి. తప్పయితే ఇద్దరూ హాయిగా ఇక్కడే ఉండండి. మీ నోటితో మీరే చెప్పండి."

గజసింహుడు నాలుగు కాళ్ళ మీదినుంచే గొణిగాడు.

"తప్పే... తప్పే!"

"మరి తప్పని గట్టిగా తేలాలంటే మిగతా రౌతుల్ని కూడా కొలవాలి..." అంటూ కొండుభొట్లు కర్ర భుజాన వేసుకుని మెల్లగా సింహాసనం వైపు తిరిగాడు. "ప్రభూ, తమరు కూడా గుర్రం ఎక్కుతారు కదా?"

రాజుగారు కర్రను చూశారు. నేలను చూశారు. చివరికి సింహాసనం చేతులు గట్టిగా పట్టుకుని పకపకా నవ్వేశారు.

"ఆ కర్ర విరిచి పొయ్యిలో పెట్టండి! ఆజ్ఞ రద్దు! గోరింక మెడకు వెండి గజ్జెల పట్టెడ కట్టండి. గజసింహా, నువ్వు లేచి ఆ లడ్డూ తీసుకెళ్ళి నీ చేత్తోనే దానికి తినిపించు!"