ఉస్తాద్‌కు బండి నేర్పిన రోజు

సుభాషిణికి పదిహేనేళ్ళుగా బండి నడపడం వచ్చు. ఒంటరిగా అరకు దాకా వెళ్ళొచ్చిన మనిషి. అలాంటిది, రెండేళ్ళు కష్టపడి బాగుచేసుకున్న బండిని చీరాల గ్రౌండులో మొదటిసారి నడిపి, తిన్నగా వెళ్ళి వాలీబాల్ వలలో చిక్కుకుంది.

అది వాళ్ళ తాతగారి మోటారు సైకిలు. 1951లో ఇంగ్లండులో తయారైంది. పాతికేళ్ళు కొట్టంలో తుప్పుపట్టి పడి ఉంటే, కాలేజీలో ఫిజిక్సు చెప్పే సుభాషిణి దాన్ని గ్రౌండు పక్కనే ఉన్న నూరుల్లా గారి షెడ్డుకు చేర్చింది. ఆయనకు డెబ్బై దాటాయి. యాభై ఏళ్ళుగా పాత ఇంగ్లండు బళ్ళే తప్ప మరొకటి ముట్టని మెకానిక్కు. ఆమె ఆయన్ని ఉస్తాద్ అనేది. ప్రతి ఆదివారం ఆయన పక్కన కూర్చుని ఇంజను విప్పింది, కడిగింది, బిగించింది. అది మొదటి కిక్కుకే స్టార్టయిన రోజున షెడ్డులో మిఠాయి పంచింది.

చిక్కల్లా కాళ్ళతోనే వచ్చింది. ఆ బండికి గేరు కుడివైపు, బ్రేకు ఎడమవైపు. ఇప్పటి బళ్ళకు సరిగ్గా తిరగేసి ఉంటాయి. ఎదురుగా వల కనిపించగానే ఆమె అలవాటుగా కుడికాలు నొక్కింది. బ్రేకు పడాల్సింది, గేరు పడింది. ఆడుతున్నవాళ్ళు ఆమెను విడిపించి, నవ్వాపుకోలేక పక్కకు తిరిగారు.

దెబ్బలేమీ తగల్లేదు గానీ ముఖం ఎర్రబడింది. గేరూ బ్రేకూ అటూ ఇటూ మార్చేయమని, రెండు రాడ్లు వెల్డింగ్ చేస్తే సరిపోతుందని ఉస్తాద్‌తో అంది. వచ్చే వారం అమ్మను ఎక్కించుకుని సముద్రం దాకా వెళ్ళాలని, నడపడం రానిదానిలా ఆమె ముందు తడబడలేనని కూడా చెప్పింది.

నూరుల్లా గారు గోడ పక్కన నిలిపి ఉన్న ఆమె కొత్త బండి వైపు చూశారు.

"తాళం ఇవ్వమ్మా."

ఆయన ఎక్కి గ్రౌండులోకి తిప్పారు. పది గజాలు కదిలి ఆగిపోయింది. మళ్ళీ స్టార్ట్ చేశారు. ఈసారి గేరనుకుని బ్రేకు తొక్కారు. బండి ఉలిక్కిపడి ఆగితే టోపీ ఎగిరి ఇసుకలో పడింది. వాలీబాల్ ఆట నిలిచిపోయింది. అందరూ నవ్వారు. వాళ్ళకంటే ఎక్కువగా ఆయనే నవ్వారు. టోపీ దులిపి పెట్టుకుని, అందరి ముందే ఆమెను పిలిచారు.

"నాకు రావట్లేదమ్మా. నేర్పు."

సుభాషిణి పరుగున వెళ్ళింది. గేరు ఎడమకాలికి, బ్రేకు కుడికాలికి అని క్లాసులో చెప్పినట్టు ఓపిగ్గా చెప్పింది. నాలుగు చుట్లు పక్కనే నడిచింది. ఐదో చుట్టులో ఆయన కాలు మళ్ళీ తప్పింది.

"కంగారు పడకండి ఉస్తాద్. యాభై ఏళ్ళుగా వచ్చిందంతా కాసేపు పక్కన పెట్టండి. అసలేమీ రాదనుకుని..."

మాట మధ్యలోనే ఆగిపోయింది. ఆయన ఏమీ ఎరగనట్టు అద్దం సరిచేసుకుంటున్నారు.

ఆమె వెనక్కి నడిచి తాతగారి బండి ఎక్కింది. కిక్కు కొట్టి, నడిచే మనిషి దాటిపోయేంత నెమ్మదిగా బయల్దేరింది. రెండుసార్లు కాలు తప్పింది. రెండోసారి తనకే నవ్వొచ్చింది.

ఎదురుగా వస్తున్న నూరుల్లా గారు పక్కన ఆపి, వెల్డింగ్ ఎప్పుడు పెట్టుకుందామని అడిగారు.

"ముందు మీరు బ్రేకు చూసుకోండి ఉస్తాద్," అంది సుభాషిణి, ఇంకో చుట్టుకు బండి తిప్పుతూ.