పలక వెనక మట్టి

ఏదైనా అడిగితే శేషతల్పం మాస్టారు వెంటనే బదులు చెప్పేవారు కాదు. అడిగినవాణ్ణి వెంటబెట్టుకుని ఏదో ఒకటి జరిగే చోటికి తీసుకుపోయేవారు. సముద్రానికి ఎదురుగా ఉన్న ప్రయోగశాలలో ఆయన దగ్గర పరిశోధన చేసే అనిరుద్ధుడు ఒక మధ్యాహ్నం అడిగాడు: "మాస్టారూ, ఒక వస్తువు దెబ్బకి ఎలా ప్రవర్తిస్తుందో ముందే తెలిసిపోయిందని ఎప్పుడు అనుకోవచ్చు?"

ఆ అడగడంలో కొంత గర్వం ఉంది. సన్నని పోగులను నేసి, పొర మీద పొర జిగురుతో అతికించిన పలక అతని పని. పోలీసులు ఛాతీకి తొడుక్కునే కవచంలో దాన్ని పెడతారు. నిదానంగా లాగితే ఒకలా, క్షణంలో తగిలితే మరోలా ఉంటాయి ఆ పోగులు. వాటి స్వభావాన్ని ఏళ్ల తరబడి వెంటాడి, దూసుకొచ్చే గుండు ఏ పొర దగ్గర ఆగుతుందో లెక్కగట్టాడు.

ఆ రోజే హెడ్ కానిస్టేబుల్ వరహాలమ్మ కొలతలివ్వడానికి వచ్చింది. ఏజెన్సీ కొండల్లో గస్తీ తిరిగే దళం ఆమెది. కిందటి వానాకాలంలో కాల్పులు జరిగినప్పుడు, పాత కవచం తొడుక్కున్న తోటి కానిస్టేబుల్ని మోసుకుంటూ కొండ దిగింది. నమూనా కవచం తొడుక్కుని, "తేలిగ్గానే ఉంది బాబూ. ఇదుంటే నాకేం కాదు గదా?" అంది.

"గుండు దాటదండీ," అన్నాడు అనిరుద్ధుడు.

"పదండి, చూద్దాం," అని మాస్టారు లేచారు.

పలకను బిగించి, దాని వెనక మనిషి ఛాతీకి బదులుగా మెత్తటి మట్టి దిమ్మ ఆనించారు. అద్దం ఇవతల నుంచి ముగ్గురూ చూస్తుండగా తుపాకి పేలింది. లెక్క చెప్పిన పొర దగ్గరే గుండు ఆగిపోయింది. అనిరుద్ధుడు చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు.

కెమెరా పట్టిన దృశ్యాన్ని మాస్టారు మెల్లగా నడిపించారు. రెప్పపాటులో ఏ వెయ్యోవంతులోనో జరిగింది తెర మీద ఒక సాయంకాలమంత సాగింది. గుండు నిద్రలో నడిచేవాడిలా తేలుతూ వచ్చింది. తాకిన చోట పలక తెల్లబడింది. ఆ తెలుపు పొగమంచులా చుట్టూ పాకింది. పొరలు ఒకదాన్నొకటి వదిలి విచ్చుకున్నాయి. తెగే పోగులు తళుక్కుమన్నాయి. అది ఎంత అందంగా ఉందంటే, దెబ్బను చూస్తున్నామన్న సంగతే ముగ్గురూ మరిచిపోయారు. అప్పుడు పలక వెనక వైపు అలలా పొంగి, మట్టిని నొక్కి, ఏమీ జరగనట్టు వెనక్కి వచ్చేసింది.

పలక తీశారు. మట్టిలో పిడికిలి పట్టేంత గుంట. వరహాలమ్మ అందులో చెయ్యి పెట్టి చూసింది. ఆ చేతినే తన రొమ్ము మీద ఉంచుకుంది.

"మావోడికీ ఎక్కడా చిల్లు లేదు బాబూ," అంది నెమ్మదిగా. "కొండ దిగేలోగా పోయాడు."

అనిరుద్ధుడు వంగి ఆ గుంట లోతు కొలిచాడు.

మర్నాటి నుంచి అతను లెక్కను గుండు ఆగిన చోట మొదలుపెట్టాడు. పలక ఎంత పొంగుతుంది, ఆ పొంగు ఎముకను ఎలా తాకుతుంది, వెనక ఏ మెత్తటి పొర వేస్తే శాంతిస్తుంది. చాలా పలకలు పాడయ్యాయి. చలికాలానికి కొత్త కవచం తయారైంది. దాన్ని తనే వరహాలమ్మ చేతికిచ్చాడు.

"బరువు పెరిగిందండీ. దెబ్బ తగిలితే కింద పడతారు, పక్కటెముక విరగొచ్చు. ప్రాణం నిలుస్తుందనే నా లెక్క. గుండు ఏటవాలుగా తగిలితే మాత్రం ఏమవుతుందో ఇంకా తెలీదు."

ఆమె కవచాన్ని భుజాన వేసుకుని చూసుకుంది. "మోస్తాన్లే. ఆ ఏటవాలు సంగతి తేలాక కబురెట్టు," అంది.

ఆమె జీపు చిరుజల్లులో కలిసిపోయాక అనిరుద్ధుడు అన్నాడు: "ముందుకంటే ఇప్పుడే నాకు తక్కువ తెలుసుననిపిస్తోంది మాస్టారూ."



"అప్పుడు నువ్వు తుపాకి పక్కన నిలబడి చూసేవాడివి నాయనా. ఇప్పుడు పలక వెనకున్న మనిషి పక్కన నిలబడ్డావు," అన్నారు మాస్టారు.